బల్లెం వంతు

ఖతార్‌లో కొండలు లేవు. అందువల్ల 2016 ఆగస్టులో బాబాకు ఒక చిక్కు వచ్చింది.

బాబా అంటే దోహాలోని అల్ ఘర్రాఫాలో తిమ్మప్ప డ్రైవర్‌గా ఉన్న ఇంటి యజమాని. ఇంట్లో పనివాళ్లంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. వయసు అరవై ఏడు. ఏడాదిన్నర కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. అంతకుముందు ఏటా వేటకు వెళ్లేవాడు. ఈ అక్టోబరులో తజికిస్తాన్ కొండల్లోకి వెళ్లాలని అనుకున్నాడు. అక్కడ ఐబెక్స్ అనే కొండమేక ఉంటుంది. మగదాని కొమ్ములు వెనక్కి వంగి వీపు దాకా వస్తాయి. సర్కారు ఇచ్చే అనుమతి మీద ముసలి మగమేకను ఒక్కదాన్ని కొట్టవచ్చు.

వేట ఏర్పాట్లు చూసే అక్కడి కంపెనీ ఒక సందేశం పంపింది. గుర్రాలు వెళ్లే చోటు దాటాక నడక తప్పదు, వీపు మీద సంచితో ఎక్కగలిగినవాళ్లే రావాలి అన్నది అందులోని సంగతి.

పెద్దకొడుకు జాసిమ్ దాన్ని చదివి ఫోన్ పక్కన పెట్టాడు.

"ముందు ఇక్కడ ఎక్కి చూపించండి. నా కళ్ల ముందు. ఎక్కితే నేనూ వస్తాను. లేకపోతే ఖలాస్."

"ఇక్కడ ఏం ఎక్కమంటావు? మేడమెట్లా?" అన్నాడు బాబా.

తిమ్మప్ప కారు తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో వాడే అరబీ, హిందీ అతనికి పని జరిగేంత వచ్చు. మాటలన్నీ అర్థమయ్యాయి.

తిమ్మప్పది అనంతపురం జిల్లా, రాయదుర్గం దగ్గర పల్లె. శుక్రవారం మధ్యాహ్నాలు సెలవు. ఆ పూట ఏషియన్ టౌన్‌కి వెళ్లి బుచ్చన్నతో టీ తాగుతాడు. బుచ్చన్నది జగిత్యాల వైపు ఊరు. అతని క్యాంప్ ఇండస్ట్రియల్ ఏరియాలో. స్టేడియాలకూ మెట్రోకూ తవ్విన మట్టిని తెచ్చి పోసే చోట, వెనక్కి వచ్చే టిప్పర్లకు సైగలు చేయడం అతని డ్యూటీ.

"బుచ్చన్నా, మీ పక్క కొండ ఏమన్నా ఉండాదా?"

"కొండనా? గీ దేశంల కొండ ఏడుంటదే? ఎండదెబ్బ తాకిందా నీకు?"

"ఎక్కేదానికి కావల్ల. మా బాబాకు."

"ఎందుకు, మొక్కుకున్నడా?"

"వేటకు పోతాడంట, మంచు కొండల్లోకి. ఈడ ఎక్కి సూపిస్తేనే కొడుకు ఒప్పుకుంటాడంట."

బుచ్చన్న టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "కొండ లేదు గని, మేం పోసిన కుప్ప ఉన్నది. రెండేండ్ల సంది పోసినం. నాలుగంతస్తుల బంగ్లా అంత లేచింది. పోయిన నెల సంది అండ్ల పోస్తలేరు, పక్కకు పోస్తున్నరు. అన్నీ రాళ్లే. ఎక్కుతుంటే కాలు జారుతది. నీ బాబాకు ఇంకేం గావాలె?"

తిమ్మప్ప ఈ సంగతి చెప్పాక, మరుసటి వారం బాబా తానే వెళ్లి అక్కడి ఇన్‌ఛార్జితో మాట్లాడాడు. శుక్రవారం పొద్దున టిప్పర్లు తిరగవు. అప్పుడు రావచ్చన్నాడు ఇన్‌ఛార్జి. తలకు హెల్మెట్ ఉండాలి, తమ మనిషి ఒకడు పక్కన ఉండాలి అన్నాడు. ఆ మనిషి బుచ్చన్న అయ్యాడు. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న బాబాను చూసి, "మీవోడు అచ్చం మా ఫోర్‌మన్ లెక్కనే ఉన్నడు, జర సలాం కొట్టనా?" అన్నాడు.

మొదటి శుక్రవారం బాబా సగం కూడా ఎక్కలేదు. రాళ్ల మీద కాలు పెడితే మట్టి జారి, రెండడుగులు ఎక్కితే ఒకటి దిగేవాడు. తిమ్మప్ప ఆయన వెనకే నడిచాడు. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు గుట్ట ఎక్కేటప్పుడు చిన్నవాళ్లు వెనక ఉంటారు. ముందు నడిస్తే ఎక్కడం ఎలాగో చూపించినట్టు ఉంటుంది. వెనక ఉంటే పడితే పట్టుకోవచ్చు.

మూడో వారానికి తిమ్మప్ప ఒకటి గమనించాడు. మోకాలు నొప్పి పుడితే బాబా చెప్పడు. మాట్లాడటం ఆపేస్తాడు. అప్పుడు తిమ్మప్ప నిలబడిపోయి, "బాబా, నాకు ఆయాసంగా ఉంది, కాస్త కూర్చుంటా" అనేవాడు.

"ఈ వయసులో ఆయాసమా? సిగరెట్ మానెయ్" అనేవాడు బాబా, పక్కనే రాయి మీద కూర్చుంటూ. తిమ్మప్పకు సిగరెట్ అలవాటు లేదు. మానేస్తానని చెప్పేవాడు.

సెప్టెంబరు మొదట్లో బాబా కారులో ఉండగా అన్నాడు, "తజికిస్తాన్‌కి నువ్వు కూడా వస్తున్నావు. వెనక నడవడానికి నువ్వే ఉండాలి. వీసాకు టైం పడుతుందని జాసిమ్ నీ పాస్‌పోర్ట్ ముందే ఏజెన్సీకి పంపాడు."

తిమ్మప్ప "సరే బాబా" అన్నాడు. సిగ్నల్ పడింది. కారు ఆపాడు.

ఆ రాత్రి భార్య అంకాలమ్మ ఫోన్ చేసింది.

"పూజారి మళ్లా అడిగిపోయినాడు. వస్తాండావా, లేదా?"

"ఇంగా అడగల్యా."

"ఇంగెప్పుడు అడుగుతావు, దసరా అయిపోయినాకనా?"

దసరా నాటి సాయంత్రం వాళ్ల ఊళ్లో స్వామి పారువేటకు, అంటే వేట ఉత్సవానికి, బయలుదేరతాడు. పల్లకీ గుట్ట దాకా వెళుతుంది. పల్లకీ ముందు ఒక మనిషి బల్లెం పట్టుకుని నడుస్తాడు. ఆ బల్లెం పట్టే హక్కు ఊళ్లో ఐదిళ్లది. ఏడాదికి ఒక ఇంటి వంతు. పోయినసారి వాళ్లింటి వంతు వచ్చినప్పుడు తిమ్మప్ప తండ్రి పట్టాడు. తర్వాత రెండేళ్లకు ఆయన చనిపోయాడు. తిమ్మప్పకు అన్నదమ్ములు లేరు. ఈ ఏడు మళ్లీ ఆ ఇంటి వంతు. అతను లేకపోతే బల్లెం పక్కింటికి వెళుతుంది. ఇక ఐదేళ్ల దాకా తిరిగి రాదు.

"బాబా ఆయప్ప వేటకు రమ్మంటాండాడు. పాస్‌పోర్ట్ కూడా పంపించినారు" అన్నాడు తిమ్మప్ప.

"ఆయప్ప వేట ఆయప్పది, మన వేట మనది. నోరు తెరిసి అడిగితే ఏమన్నా కొరుకుతాడా?"

"కొరకడు. అందుకే అడగలేకపోతాండా."

ఆ మాట ఎందుకు అన్నాడో అంకాలమ్మకు తెలుసు. తండ్రి పోయిన కబురు వచ్చిన రోజు తిమ్మప్ప ఈ ఇంటి వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాడు. వంటమనిషి నాగూర్ వెళ్లి బాబాకు చెప్పాడు. బాబా లేచి, దేశం దాటడానికి కావలసిన అనుమతి జాసిమ్ చేత అప్పటికప్పుడు పెట్టించాడు. టికెట్ తీయించాడు. ఇంటి డ్రైవర్ తిమ్మప్పే కాబట్టి, కారు నడపడానికి వేరే మనిషి లేడు. బాబాయే నడిపాడు. సొంతంగా కారు నడపడం మానేసి అప్పటికి చాలా కాలం అయింది. తిమ్మప్ప తండ్రి పాడె లేచేలోపు ఊరు చేరాడు.

అలాంటి మనిషిని ఇంకోసారి పంపమని అడగడం ఎలాగో తిమ్మప్పకు తోచలేదు. అదీ, ఆయన వెనక నడవాల్సిన వారంలోనే.

జాసిమ్ చూస్తానన్న శుక్రవారం వచ్చింది. వేట కంపెనీ చెప్పినంత బరువును సంచిలో సర్దమని తిమ్మప్పకు అప్పగించారు. అతను బియ్యం ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పెట్టి, త్రాసు మీద తూచి తెచ్చాడు. కుప్ప కింద బుచ్చన్న ఆ సంచిని లేపి చూసి, పక్కకు పిలిచాడు.

"తిమ్మన్నా, ఒకటి చెప్పనా? గా బండరాళ్లు రెండు అండ్ల ఏసెయ్. ముసలాయన సగం దాకా పోయి దిగుతడు. కొడుకు బందు పెడతడు. నువ్వు మంచిగ ఇంటికి పోయి బల్లెం పట్టుకో. ఎవ్వలికి తెలుస్తది?"

"నాకు తెలుస్తాది కదన్నా."

"నీకు తెల్వకుంట నేనే ఏస్త, ఆగు."

"ఏసి సూడు. ఆ రాయితోనే కొడతా."

బుచ్చన్న నవ్వి, సంచి పట్టీ సరిచేసి బాబా వీపుకు తగిలించాడు. జాసిమ్ కారుకు ఆనుకుని నిలబడ్డాడు. బాబా ఎక్కడం మొదలుపెట్టాడు. తిమ్మప్ప వెనకే ఎక్కాడు. సగం దాటాక బాబా మాట్లాడటం ఆపేశాడు. తిమ్మప్ప నోరు తెరవబోయాడు. ఇవాళ ఆగితే జాసిమ్ చూస్తాడు. ఆగాలో వద్దో ఆలోచించేలోపు బాబా వెనక్కి తిరగకుండానే, "సిగరెట్ మానేశావా?" అన్నాడు.

"మానేశా బాబా."

"అయితే నడువు."

ఇద్దరూ పైకి చేరారు. అక్కడి నుంచి క్రేన్లు, వాటి వెనక కడుతున్న స్టేడియం కనిపించాయి. బాబా రాయి మీద కూర్చుని, కింద ఉన్న కొడుకు వైపు చేయి ఊపాడు. జాసిమ్ రెండు చేతులూ ఎత్తి ఊపాడు. బుచ్చన్న తన హెల్మెట్ తీసి గాల్లోకి విసిరాడు. తర్వాత దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

ప్రయాణం ఖాయమైంది.

వేట బట్టలు డబ్బాల్లోంచి తీశారు. కోట్లు, ప్యాంట్లు, ఉన్ని టోపీలు, చేతి తొడుగులు. వాటిని ఉతికే పని లూర్దమ్మది. ఆమెది కోనసీమ. ఆ ఇంట్లో బట్టలు, పిల్లలు ఆమె చూసుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత బాబా మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లతో కూర్చునే గదిలో, కొడుకుతో సామాను చూస్తున్నాడు. లూర్దమ్మ బట్టలు తెచ్చి ముందు పెట్టింది. బాబా కోటు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆగిపోయాడు. తర్వాత టోపీ వాసన చూశాడు. తర్వాత సంచి.

"లూర్దమ్మా, వీటికి ఊద్ పొగ పట్టించావా?"

"పట్టించాను బాబా. సంచికీ పట్టించాను. మూడు పూటలు."

గల్ఫ్ ఇళ్లలో ఉతికిన బట్టలకు ఊద్ అనే సువాసన చెక్క పొగ పట్టించడం రోజూ ఉండే పని. ఆ పొగ లేకుండా బట్ట ఇస్తే మడతలోనే వెనక్కి వస్తుంది. జాసిమ్ నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకున్నాడు.

"గాలి మా వైపు నుంచి వీచిందంటే మేకలు చైనా దాకా పరిగెడతాయి" అన్నాడు బాబా. "పెళ్లికి వస్తున్నామని అనుకుంటాయి."

లూర్దమ్మ గుమ్మంలో ఉన్న తిమ్మప్ప వైపు తిరిగింది. "అయ్య బాబోయ్! ఈ ఇంట్లో పొగెయ్యకుండా ఒక్క గుడ్డ ఇచ్చానా తమ్ముడూ? పెద్దాయన దూరం ఎల్తున్నారు కదా అని బాగా పట్టించాను. మేకలకి ముక్కుంటాదని నాకెవరు చెప్పారు?"

"ఏం కాదులే అక్కా. సబ్బు లేకుండా మళ్లా జాడించి, మేడ మీద గాలికి ఏద్దాం. మా ఊర్లో బల్లెం పట్టేవాడు మూడు దినాలు సబ్బు ముట్టడు" అన్నాడు తిమ్మప్ప. అతను తెలుగులోనే అన్నాడు. కానీ నాగూర్ టీ కప్పులు తీస్తూ అక్కడే ఉన్నాడు. రాయచోటి మనిషి, అరబీ బాగా వచ్చినవాడు. ఏమన్నాడని బాబా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఏం బల్లెం?" అన్నాడు బాబా. "మీ ఊళ్లో వేట ఉందా?"

తిమ్మప్ప ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. లూర్దమ్మ ఊరుకోలేదు. ఊద్ విషయంలో తప్పించుకోవడానికి దారి దొరికింది కూడా.

"ఉంది బాబా. దసరాకి ఇతని వంతు. వంటగది ఎనక నుంచుని పెళ్లాంతో రోజూ అదే గోల. మిమ్మల్ని అడగడానికి నోరు రావట్లేదు."

బాబా కోటును పక్కన పెట్టాడు. "కూర్చో" అన్నాడు. తిమ్మప్ప గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

"మీరు ఏం కొడతారు?"

"గుమ్మడికాయ, బాబా."

బాబా నాగూర్ వైపు చూశాడు. "కద్దూ?"

"కద్దూనే బాబా" అన్నాడు నాగూర్.

"మునుపు కుందేలును పట్టి వదిలేవాళ్లు. ఫారెస్టు వాళ్లు వద్దన్నాక గుమ్మడికాయ. గుట్ట కింద పెడతారు. దూరం నుంచి బల్లెం విసరాలి. తగిలితే స్వామి వేట అయినట్టు."

"తగలకపోతే?"

"తగిలేదాకా స్వామి వెనక్కి పోడు. పల్లకీ మోసేవాళ్లు తిడతారు."

"మీ నాన్నకు ఎన్నోసారికి తగిలింది?"

"రెండోసారికి, బాబా."

"రెండోసారికి" అన్నాడు బాబా, కొడుకు వైపు చూసి. జాసిమ్ నవ్వడం మానేశాడు.

"ఈసారి నువ్వు లేకపోతే?"

"పక్కింటికి పోతుంది. మాకు మళ్లీ ఐదేళ్లకు."

"లేష్? ఎందుకు చెప్పలేదు?"

తిమ్మప్ప నేల వైపు చూశాడు. "మా నాయన పోయిన రోజు మీరు కారు నడిపి ఎయిర్‌పోర్ట్‌లో దించారు బాబా. అంత చేసిన మనిషిని ఇంకోసారి ఏ నోటితో అడిగేది?"

"ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఏమైందో తెలుసా? దారి తప్పాను. సముద్రం ఒడ్డున వక్రా ఊరి దాకా పోయాను. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు బాబా. "నీకు చెప్పలేదు, జాసిమ్‌కీ చెప్పలేదు. నువ్వు కూడా చాలా చెప్పలేదు. ఆ కుప్ప మీద నీకు ఎప్పుడు ఆయాసం వచ్చినా నా మోకాలు నొప్పి పుట్టినప్పుడే వచ్చింది. నాకు తెలియదనుకున్నావా?"

లేవబోయిన తిమ్మప్పను బాబా చేత్తో కూర్చోమన్నాడు.

"నీ తండ్రి పట్టిన బల్లెం పక్కింటివాడి చేతిలో ఉండగా, నువ్వు నా వెనక నడుస్తావా? అలాంటి వేటకు నేను పోను. జాసిమ్, రేపు పాస్‌పోర్ట్ తెప్పించు. బయటికి వెళ్లే అనుమతి ఇవాళే పెట్టు."

"మరి మీ వెనక ఎవరు నడుస్తారు?" అన్నాడు జాసిమ్.

బాబా చుట్టూ చూశాడు. నాగూర్ కప్పులతో గుమ్మం దాటబోతున్నాడు.

"నాగూర్!"

"నేనా బాబా? ఫ్రిజ్‌లో చెయ్యి పెడితేనే నాకు జలుబు."

"యల్లా, పద, నువ్వే. మేక దొరికితే వండేదీ నువ్వే."

నాగూర్ వంటగదిలోకి వచ్చాక తిమ్మప్ప చొక్కా పట్టుకున్నాడు. "అన్నా, నీ గుమ్మడికాయ నా పానం మీదికి తెచ్చిందే. ఆడ నేను గడ్డ కట్టి సస్తే, నా పెండ్లాం రమీజాకు ఏం చెప్తావు?"

"బాబా వెనకాల నడువు. ఆయన మాట్లాడకుంటే నీకు ఆయాసం రావల్ల. అంతే పని" అన్నాడు తిమ్మప్ప.

"ఆయాసమా? అది నాకు నేర్పే పన్లేదు, మెట్లెక్కితేనే వస్తాది."

తిమ్మప్ప బయలుదేరేది బాబా కంటే మూడు రోజుల ముందు. ఆ పొద్దున అతను కారు కడిగి, పక్కింటి డ్రైవర్ ఇక్రాముద్దీన్‌ను ఎయిర్‌పోర్ట్ దాకా రమ్మని పిలిచాడు. ఇక్రాముద్దీన్ వచ్చేసరికి బాబా డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు.

"ఇతను ఎందుకు?" అన్నాడు బాబా. "పొమ్మను."

తిమ్మప్ప పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆ సీట్లో అతను కూర్చోవడం అది రెండోసారి. నాగూర్ వెనక ఎక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి చెబుతాడని బాబా అన్నాడు.

"నాకు చేపల మార్కెట్ దారి ఒక్కటే తెలుసు బాబా" అన్నాడు నాగూర్.

మెట్రో పనుల వల్ల రోడ్లు వారానికి ఒకలాగా మళ్లుతున్నాయి. తిమ్మప్ప ఒక్కో మలుపూ ముందే చెబుతూ వచ్చాడు. "బాబా, ఎడమకు. బాబా, ఆ టిప్పర్ పోనివ్వండి." ఎయిర్‌పోర్ట్ ముందు దిగాక బాబా డిక్కీలోంచి ఖర్జూరం పెట్టె తీసి ఇచ్చాడు.

"పల్లకీ మోసేవాళ్లకు ఇవ్వు. నువ్వు గురి తప్పితే తింటూ ఎదురుచూస్తారు."

తిమ్మప్ప రెండు చేతులతో అందుకున్నాడు. చెప్పాల్సింది ముందే అనుకుని పెట్టుకున్నాడు. అరబీలో ఎలా చెప్పాలో నాగూర్‌ను అడిగి నేర్చుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "కుడి మోకాలికి పట్టీ మర్చిపోవద్దు బాబా" అని.

"మర్చిపోను" అన్నాడు బాబా.

బెంగళూరులో దిగగానే తిమ్మప్ప ఫోన్ చేశాడు. నాగూర్ ఎత్తాడు.

"ఇంటికి చేరినారా?"

"యాడ అన్నా! వక్రాలో ఉండాం. చేపలు తింటాండాం. ఈసారి దారి తప్పల్యా, కావాలనే వచ్చినా అంటాండాడు బాబా. అదే చెప్పమన్నాడు నీకు."

దసరా నాడు తిమ్మప్ప పల్లకీ ముందు నడిచాడు. తండ్రి పట్టిన చోటే బల్లెం కర్ర నునుపు తేలి ఉంది. అక్కడే పట్టుకున్నాడు. అంకాలమ్మ ఫోన్‌లో తీసిన వీడియో ఆ రాత్రే బాబాకు వెళ్లింది. కొండల్లో సిగ్నల్ లేదు. ఆరో రోజున బాబా గొంతుతో జవాబు వచ్చింది. వెనక గాలి చప్పుడు, నాగూర్ తుమ్ము వినిపించాయి.

"తిమ్మప్పా, నాలుగు రోజులు ఎక్కాం. కొమ్ములున్నదాన్ని చూశాను. గాలి మా వైపు నుంచే వీచింది. అది తలెత్తి చూసి పోయింది. లూర్దమ్మకు చెప్పకు. మోకాలు బాగుంది. వీడియో పూర్తిగా రాలేదు, నువ్వు చెయ్యి ఎత్తిన దగ్గర ఆగిపోయింది. ఎన్నోసారికి తగిలింది?"

తిమ్మప్ప ఇంటి ముందు కూర్చుని ఆ మాటలు రెండుసార్లు విన్నాడు. తర్వాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"రెండోసారికి, బాబా."